రిమోట్ ఆపిన తర్వాత

"ముందు బండి ఆపాలి, ఆ తర్వాతే రిమోట్. ఈ ఒక్క ముక్క మా తమ్ముడు నాకు వెయ్యిసార్లు చెప్పుంటాడు. 'బండి నిద్రపోయాకే మనం లైటు ఆర్పాలక్కా' అనేవాడు. వెయ్యిన్నొకటోసారి చెప్పడానికి మనిషి లేడు. అందుకే తప్పు చేశాను," అంది పళ్లక్క.

చెబుతూనే చేతిలోని పళ్లసెట్టును కిటికీ వెలుగులోకి తిప్పి చూసుకుంది. దవడపన్ను ఒకటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నట్టుంది. గీరింది, ఊదింది, మళ్లీ చూసింది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న లెక్కలాయన తొందరపెట్టలేదు. అతను తొందరపెట్టే మనిషి కాదు.

అతనిది రేసుల క్లబ్బులో చుట్లు లెక్కపెట్టే పని. పాత గోడౌనులో తివాచీ పరిచి వేసిన ట్రాకు అది. మూరెడు కూడా లేని కార్లు కందిరీగల్లా మోత పెడుతూ గీత దాటినప్పుడల్లా అతని తెర మీద ఒక అంకె మారుతుంది. ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. చుట్లు లెక్కించే పెట్టె పాడైతే విప్పి, తెలిసినవాళ్లని అడిగి, వాళ్లు చెప్పింది ఓపిగ్గా విని పట్టుకున్నాడు. ఈ మధ్యాహ్నం అతను మోసుకొచ్చిన కబురు ఒక్క నిమిషంలో అయిపోయేదే. క్లబ్బు కొత్తగా పెట్టిన తనిఖీలో కిందటివారం పళ్లక్క కారు తప్పింది. రిమోట్ ఆపేస్తే కారు కదలకుండా నిలబడాలి. ఈమె కారు మాత్రం తనిఖీ బల్ల మీద మెల్లగా పాక్కుంటూ అంచు దాకా వచ్చింది. ఆదివారంలోగా సరిచేస్తేనే ట్రాకు మీదికి రానిస్తారు. ఆ ముక్క చెప్పేసి గంట దాటింది. అతను ఇంకా స్టూలు మీదే ఉన్నాడు.

పళ్లక్కకు యాభై ఎనిమిదేళ్లు. దంతవైద్యులు పంపే అచ్చులను బట్టి పళ్లసెట్లు తయారుచేయడం ఆమె వృత్తి. మేడ మీద రెండు గదులు: ముందుది పనిగది, గడప దాటితే లోపలిగది. పనిగదిలో ఒక బల్ల మీద ఊళ్లోవాళ్ల దవడలు వరసగా నవ్వుతుంటాయి. రెండో బల్ల మీద కారు ఉంటుంది. ఇరవై ఏళ్లపాటు కార్లు ఆమె కట్టింది, రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు నడిపాడు. ఆ పంపకం ఒక్కసారి కూడా తారుమారు కాలేదు.

ఆమె కట్టే పద్ధతి చూడటానికే కొందరు క్లబ్బుకి వచ్చేవాళ్లు. కారు అడుగుభాగం ట్రాకుకి ఎక్కడ రాసుకుంటోందో తెలియక అందరూ తలలు పట్టుకుంటే, ఈమె సంచిలోంచి నీలం కాగితం తీసేది. పన్ను ఎత్తుగా ఉందో లేదో చూడటానికి నోట్లో పెట్టి కొరికించే కాగితం అది. దాన్ని మలుపు దగ్గర అతికించి, కారుని ఒక్క చుట్టు తిప్పించి, నీలం అంటిన చోటు చూసి, "ఇదిగో, ఇక్కడ కొరుకుతోంది" అనేది. అక్కడ స్ప్రింగు బిగువు అర చుట్టు పెంచేది. ముందు చక్రాల వాలు తగ్గించేది. షాకబ్జర్లలో నూనె మార్చి, వేలితో నొక్కి, కళ్లు మూసుకుని అది పైకి లేచే తీరు వినేది. బంపరు పగిలితే చిగుళ్లకి వాడే గులాబీరంగు ముద్దతోనే అతికించేది. "జాగ్రత్తరోయ్, పళ్లక్క కారుకి చిగుళ్లు కూడా వచ్చేశాయి!" అని కుర్రకారు ఏడిపిస్తే, "మీ కారుకి ముందు పాలపళ్లు ఊడనీ, అప్పుడు మాట్లాడుకుందాం" అని అంటించేది.

తమ్ముడు బడిపిల్లల వ్యాను నడిపేవాడు. వ్యానులో ముప్పై స్పీడు దాటని మనిషి, ట్రాకు మీద రిమోట్ పట్టుకుంటే ఎవరికీ అందేవాడు కాదు. అందరూ అతన్ని వంకరవేలు అని పిలిచేవాళ్లు. ఎడమచేతి చూపుడువేలు కొక్కెంలా వంగి ఉండేది. అది రిమోట్‌లో వేగం పెంచే మీట మీదే ఎప్పుడూ తగులుకుని ఉండేది. పూర్తిగా వదలడం ఆ వేలికి చేతకాదు. అందుకని కారు ఆగి ఉన్నప్పుడు బొటనవేలితో మీటను వెనక్కి నెట్టి పట్టుకునేవాడు.

"ఆ తలుపు వేసింది నేనే," అంది పళ్లక్క, ఇంతకుముందు ఎన్నడూ చెప్పని మాట. "వాడికి ఆరేళ్లు, నాకు ఎనిమిది. వాడితో పోట్లాడి, అప్పటి ఇంట్లో గదిలోకి పోయి, ధడాల్న తలుపు వేశాను. వాడు వేలు పెట్టున్నాడు. అప్పట్నించి నేనున్న గదిలోకి రావాలంటే ముందు రెండుసార్లు తట్టేవాడు. పెళ్లయ్యాకా అంతే, తల నెరిశాకా అంతే. ద్వారం బార్లా తీసున్నా సరే, తట్ తట్ మనిపించి అప్పుడే లోపలికొచ్చేవాడు. 'ఎందుకురా నాటకాలు' అంటే, 'తొమ్మిది వేళ్లన్నా మిగలాలి కదక్కా' అనేవాడు."

నాలుగు నెలల కిందట వ్యాను కడుగుతూ తమ్ముడు అలాగే కూలబడిపోయాడు. మళ్లీ లేవలేదు.

"వాడు పోయిన మూడో వారమనుకుంటా. పట్టపగలే. బండి అలా పడుంటే చక్రాలు బిగుసుకుపోతాయని బ్యాటరీ పెట్టాను. కాసేపు తిప్పి చూశాను. తర్వాత పరధ్యానంలో రిమోట్ ముందు ఆపేశాను, బండి నేల మీదే వదిలేశాను. చేతికి అంటిన సున్నం కడుక్కుందామని లోపలికి పోయాను. కొళాయి తిప్పానో లేదో, వెనక నించి తట్... తట్... మని." ఆమె సెట్టును బల్ల మీద పెట్టింది. "నేనేమన్నానో తెలుసా? 'రారా, తీసే ఉంది' అన్నాను."

లెక్కలాయన స్టూలు ముందుకి జరుపుకున్నాడు.

"అనేశాక గుర్తొచ్చింది, వాడు లేడని. తిరిగి చూస్తే బండి గడప దాటి వస్తోంది. నడక కంటే మెల్లగా. చక్రాలు రవ్వంత ఎడమకి తిరిగున్నాయి. వచ్చి నా కాలి బొటనవేలికి ఆనుకుని, అక్కడే నెడుతూ నిలబడింది."

ప్రతిదానికీ కారణం వెతకడం లెక్కలాయన అలవాటు. "అక్కా, దీనికి లెక్క ఉంది," అన్నాడు. రిమోట్‌కీ కారులోని రిసీవరుకీ మొదటిసారి జత కలిపేటప్పుడు, బొత్తాం నొక్కిన క్షణంలో చేతివేళ్లు ఎక్కడున్నాయో రిసీవరు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత రిమోట్ ఆగిపోయి సంకేతం తెగితే అదే చేస్తుంది. అందుకే అందరూ బ్రేకు పట్టి, చక్రాలు తిన్నగా ఉంచి బొత్తాం నొక్కుతారు.

"నాకు తెలీదనుకున్నావా?" అంది పళ్లక్క. "జత కలిపిన రోజు రిసీవరు బొత్తాం పట్టుకున్నది నేనే. రిమోట్ బొత్తాం వాడు బొటనవేలితో నొక్కాడు. మీటని వెనక్కి నెట్టాల్సిన వేలు అక్కడికి పోయింది. ఇంకేముంది, వంకరవేలు మీట మీద మిగిలిపోయింది. నేను ఎడమపక్కన కూర్చుని 'ఊఁ, నొక్కరా' అన్నాను. నా వైపు తిరిగి చూస్తూ నొక్కాడు. రిమోట్ మీది స్టీరింగు చక్రం కూడా నా వైపు తిరిగింది." గడప వైపు చెయ్యి చూపించింది: "ఆ తట్టడం కూడా తెలుసు. గడపకి కొట్టిన ఇత్తడి పట్టీ. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి. అంతే. నువ్వు చూస్తానంటే చూపిస్తాను."

చూశాడు. ఆమె కారుని పనిగది మధ్యలో పెట్టి, రిమోట్ ఆపి, లోపలిగదిలో కుర్చీ మీద కూర్చుంది. కారు ఒక్క క్షణం ఊరుకుంది. ముందు చక్రాలు రవ్వంత ఎడమకి తిరిగాయి, పిలిస్తే తల తిప్పినట్టు. పల్చటి మోతతో కదిలింది. పెద్ద వంపు తిరిగి గడప చేరింది. తట్. తట్. పళ్లక్క కాలు ముందుకి చాపింది.

లెక్కలాయన అంతటితో ఊరుకోలేదు. కారుని ఎత్తి అవతలి మూల పెట్టాడు. ఆ వంపు ప్రకారం పోతే అది బీరువాకి గుద్దుకుని ఆగిపోవాలి. నిజంగానే గుద్దుకుంది. కానీ ఆగలేదు. బీరువా అంచునే ఒరుసుకుంటూ, తడుముకుంటూ, గోడవార పట్టుకుని వచ్చింది. తట్. తట్. నేల ఇటు వాలుగా ఉందేమోనని బుడగ కొలత పెట్టి చూశాడు. వాలు అటువైపుంది. బంపరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒరుసుకుపోవడంలో వింతేమీ లేదని తనకి తానే చెప్పుకున్నాడు. మళ్లీ పెట్టి చూడాలని మాత్రం అనిపించలేదు.

మెట్ల మీద ఎవరో నడిచిన చప్పుడైతే ఇద్దరూ ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగారు. ఎదురింటి ఆవిడ బకెట్టుతో పైకెళ్తోంది.

"ఒక్క గంటలో ఈ ఇల్లు నిన్నూ పట్టేసింది," అని పళ్లక్క నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"పోనీ ఒక పని చేద్దామక్కా," అన్నాడతను మెల్లగా. "రేసుకి వేరే రిసీవరు పెడదాం. ఇది ఇలాగే భద్రంగా దాచుకోండి."

"ఆలోచించలేదనుకున్నావా? డబ్బా కూడా తెచ్చాను." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "డబ్బాలో పెట్టడానికి నా చెయ్యి రాదు. బయట ఉంటే ఆగదు. రోజుకి ముప్పైసార్లు ఆపుతున్నానయ్యా రిమోట్. నిన్న లెక్కపెట్టాను, నీలాగా. పొద్దున్న పళ్లు తోముకోకముందే ఒకసారి. అక్కడ బల్ల మీద చూడు, మూడు సెట్లు సగంలో ఉన్నాయి. ఒక పెద్దాయన రెండు వారాలుగా బోసినోటితో మెత్తటి ముద్దలు మింగుతూ కూర్చున్నాడు, నా వల్ల. నేనేమో ఇక్కడ కాలు చాపుకుని కూర్చుంటున్నా. వచ్చేది వాడు కాదని తెలుసు. తెలిసీ ప్రతిసారీ 'రారా' అంటున్నా. మొన్న ఇంకోటి జరిగింది. నిజంగానే ఎవరో వచ్చి తలుపు కొట్టారు. వినపడింది. సరిగ్గా రెండుసార్లు కొట్టలేదని లేవలేదు."

లెక్కలాయనకి అప్పుడు అర్థమైంది, ఆదివారం రేసు చిన్న సంగతని. ఈ గదిలోంచి ఈమె బయటికి రావాలి. దానికి రిసీవరు గుర్తుపెట్టుకున్న ఆ వేలు చెరిగిపోవాలి. చెరిపేది కూడా ఆమె చెయ్యే కావాలి.

"పళ్లసెట్టు నీళ్లగ్లాసులో పెట్టి చూసుకోవడానికి కాదు," అంది పళ్లక్క తనలో తను అనుకున్నట్టు. "నమలాలి. బండీ అంతే, తిరగాలి. ఇవాళే మళ్లీ జత కలుపుతాను. వాడి వేలు ఉన్నచోట నా వేలు పెడతాను, బ్రేకు పట్టి, తిన్నగా. ఆదివారం నేనే నడుపుతాను. ఆఖర్న వచ్చినా లెక్క సరిగ్గా రాయి, జాలిపడి ఒక చుట్టు ఎక్కువ రాశావో ఊరుకోను."

"రాయనక్కా," అన్నాడతను.

ఆమె లేచి కారుని పనిగదిలో బల్ల పక్కన నేల మీద పెట్టింది. వంగి ముందు చక్రాల వాలు చేత్తో తడిమి చూసింది, తడిమాల్సిన అవసరమేమీ లేకపోయినా. బంపరు మీది గులాబీ అతుకు మీద పేరుకున్న దుమ్ము చీర చెంగుతో తుడిచింది. రిమోట్ వెలిగించింది. కారు బొమ్మలా నిలబడి ఉంది. రిమోట్ తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఇరవై ఏళ్లలో ఆ పిడి మీద ఒక చోట రంగు అరిగి నునుపు తేలింది. అతని వేలు వెళ్లి ఆ నునుపులోనే ఆనింది. చటుక్కున తీసేశాడు.

"ఇన్నిసార్లూ ఆపింది నేనే. నేనే ఆపి నేనే ఎదురుచూస్తే, అది వాడు వచ్చినట్టు కాదు, నేను పిలిపించుకున్నట్టే," అంది. లోపలిగదిలోకి పోయి కుర్చీలో కూర్చుంది, వీపు అతని వైపు పెట్టి. "ఒక్కసారి నాకు తెలీకుండా రానీ. ఇది పట్టుకుని మెట్లు దిగు. వీధిలో నడువు. నీ ఇష్టం వచ్చిన చోట, ఇష్టం వచ్చినప్పుడు ఆపెయ్. ఎప్పుడు ఆపావో తర్వాత కూడా నాకు చెప్పొద్దు. కాసేపాగి రా, అప్పుడు బొత్తాం నొక్కుదాం."

అతను కారు పక్కగా, దానికి తగలకుండా, గుమ్మం వైపు నడిచాడు. వెనక నించి ఆమె గొంతు వినిపించింది.

"ఇదిగో, వెళ్తూ వెళ్తూ అలవాటుగా ఈ గది తలుపు దగ్గరికి లాగేవు. వెయ్యకు. తీసే ఉంచు."