వెనక అద్దం మీద గొర్రెపిల్ల

దేవాది దేవునికి మహిమ కలుగును గాక. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మమ్మల్ని విడవని ప్రభువుకు స్తోత్రం. కారు అద్దాలకు నల్ల ఫిల్ము వేయించుకోవాలనుకునే విశ్వాసులకు ఉపయోగపడుతుందని ఈ ప్రయాణం సంగతి రాస్తున్నాను.

నా భార్య శాంతమ్మకు ఎండ పడదు. పావుగంట తగిలితే మొహం కందిపోయి, సాయంత్రానికి బొబ్బలెక్కుతుంది. నెలకోసారి ఏలూరులో చర్మం డాక్టరుగారికి చూపించాలి. అందుకే పాత కారు కొని, తాడేపల్లిగూడెంలో తలుపుల అద్దాలన్నిటికీ నల్ల ఫిల్ము వేయించాను. చట్టం ఒప్పుకుంటుందా అని కొట్టాయన్ని అడిగితే, "గూడెంలో సగం కార్లు ఇలాగే తిరుగుతున్నాయి మాస్టారూ, మీకేం భయం?" అన్నాడు. అది జవాబు కాదని నాకు అప్పుడే తెలియాల్సింది.

వెనక అద్దం నిండా పచ్చిక, గొర్రెపిల్ల, కింద 'ప్రభువే నా కాపరి' అన్న వాక్యం ఉన్న స్టిక్కరు అంటించాం. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా చుట్టూ నిలబడితే, పాస్టరుగారు తాళాలు పట్టుకుని ప్రార్థన చేసి, ఆ వాక్యం మీద నూనె రాశారు. లోపల్నించి చూస్తే ఆ అద్దం నల్ల పలకలా ఉండేది. ముందుకు పోయేవాణ్ణి గనక ఆ లోటు నాకు తెలియలేదు.

మంగళవారం ఉదయం ఏడున్నరకు గూడెంలో బయల్దేరాం. ఎనిమిదింబావుకు, ఏలూరు ఇంకా రాకముందే, హైవే మీద పోలీసులు ఆపారు. నడివయసు కానిస్టేబులు అద్దం మీద తట్టాడు.

"ఏవండీ, దించండి. లోపల మనుషులున్నారో మూటలున్నాయో తెలియట్లేదు."

డాక్టరుగారి చీటీ చూపించాను. చదివి, శాంతమ్మ మొహం చూసి, గొంతు తగ్గించాడు. "పాపం, నిజమేనండి. కానీ చీటీ ఉందని వదలడానికి లేదండి. ముందూ వెనకా అద్దాల్లోంచి డెబ్బై శాతం వెలుతురు, పక్క అద్దాల్లోంచి యాభై రావాలి."

"మరి ఈవిడ గతేమిటండీ?"

"ప్రభుత్వం మార్కు ఉన్న పల్చటి ఫిల్ము సంగతి రవాణా ఆఫీసులో కనుక్కోండి. ఇవి మాత్రం పీకించెయ్యండి. వెనక బొమ్మ కూడానండి."

జరిమానా రాసి రసీదు చేతిలో పెట్టాడు. జరిమానా కంటే ఆ చివరి మాటే నన్ను భయపెట్టింది. నూనె రాసిన వాక్యాన్ని గోళ్ళతో గీకడమా? తాకకూడని దేవుని మందసం మీద చెయ్యి వేసినవాడు అక్కడే పడి చచ్చిన సంగతి ఆదివారపు బడి పిల్లలకు ఏళ్ళతరబడి చెప్పినవాణ్ణి నేనే. పాస్టరుగారిని అడిగాకే ముట్టుకుందామనుకున్నాను.

ఇడ్లీ తిని, డాక్టరుగారికి చూపించుకునేసరికి పదకొండయింది. రెండింటికి ఆకివీడులో మా మరదలి ఇంట్లో ప్రార్థన కూడిక. కైకలూరు మీదుగా పోదామని కొల్లేటి రోడ్డున పడ్డాం. రెండు పక్కలా నీళ్ళు, నెత్తిమీద ఎండ. ఎదురుగా ఏ ఖాకీ చొక్కా కనబడినా మళ్ళీ ఆపుతారేమోనని భయం. కైకలూరు దాటాక ఆ భయంతోనే పెద్ద రోడ్డు వదిలి చేపల చెరువుల గట్టు మీదికి దిగాను.

అక్కడ ఐసు నీళ్ళు కార్చుకుంటూ చేపల లారీ ఎదురొచ్చింది. "ఏవండోయ్! నాది లోడు బండి, మీరే వెనక్కెళ్ళాలి," అని డ్రైవరు కేకేశాడు.

పక్క అద్దం మీది ఫిల్ములోంచి సైడు మిర్రరు మసకగా ఉంది. వెనక అద్దంలోంచి ఏమీ కనబడలేదు.

"కనబడుతోందా అండీ?" అంది శాంతమ్మ.

"దేవుడు చూసుకుంటాడులే," అని రివర్సు వేశాను.

వెనక దబదబా చప్పుడు, ఆడమనిషి అరుపు. బ్రేకు తొక్కి దిగాను. యాభయ్యేళ్ళ ఆవిడ గట్టు అంచున, ఒక కాలు మోకాలిదాకా చెరువులో జారి ఉంది. మోకాలు చీరుకుపోయింది. అరచెయ్యి ఇంకా గొర్రెపిల్ల మీదే ఉంది. గంప బోర్లాపడి చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి.

"గొర్రెపిల్లని అంత ముద్దుగా అంటించుకున్నారు, వెనకాల మనిషిని చూసుకోరా అండీ?"

చేతులు జోడించి, ఆవిణ్ణి పైకి లాగాను. శాంతమ్మ కొంగు కప్పుకుని ఎండలోకి దిగి చేపలు ఏరసాగింది.

"మొహం కందిపోతోంది, కార్లోకెళ్ళు తల్లీ," అంది ఆవిడే.

శాంతమ్మ నావైపు తిరిగింది. "ముందు ఆ స్టిక్కరు తీయండి."

"నూనె రాసింది కదా..."

"మనుషుల్ని తొక్కడానికా రాసింది?"

కళ్ళు మూసుకుని ఒక మూల పట్టి లాగాను. ఏ ఉరుమూ ఉరమలేదు. మిగిలిన ముక్కని ఆ చేపలావిడే తన కత్తితో లేపింది. లారీ డ్రైవరు దిగొచ్చి, దారి చెబుతూ నా బండిని నెమ్మదిగా వెనక్కి తీయించాడు. పక్క ఫిల్ములు ఆకివీడులో మా తోడల్లుడు పీకేశాడు.

నాలుగున్నరకు గణపవరం మీదుగా తిరుగుప్రయాణం. శాంతమ్మ నా వెనక సీట్లో తడి తువాలు కప్పుకుని, ఎండ పక్కకి గొడుగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. మిర్రరులో దాటిపోతున్న రోడ్డూ, ఎర్రబడిన ఆమె చెంపా రెండూ కనబడుతున్నాయి. పోలీసుల భయం ఫిల్ములతోనే పోయింది. ఎండ భయం మాతో ఇంటిదాకా వచ్చింది. వచ్చే నెల చీకటుండగానే బయల్దేరతాం. మీరు మాత్రం కొట్లో కాదు, ఆఫీసులో అడిగాకే అద్దం మీద ఏదైనా అంటించండి.

చదువుతున్న సహోదరులారా, ఇక్కడ ఒక్క నిమిషం నాతో తలవంచండి. ప్రభువా, శాంతమ్మ మొహాన్ని నీ నీడలో దాచు. ఆ తల్లి మోకాలి దెబ్బ మాన్పు. వెనక ఎవరున్నారో చూడకుండా నీ పేరు చెప్పి బండి కదిలించే నా చేతిని ఆపు. ఆమెన్.