మూసీ దాకా

మోత్కూర్‌లో బట్టలు కుట్టే భిక్షానికి మిషన్ తొక్కుతుంటే ఏదో దారి వెంట సైకిల్ మీద పోతున్నట్టే ఉండేది. రజాకార్ల కాలంలో గడ్డివాములో దాచిన సైకిల్‌ను పోలీస్ యాక్షన్ తర్వాత బయటికి తీసి, రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తూ తనలో తనే నవ్వుకునేవాడు. ఆ ఎండాకాలం దోస్తులంతా సైకిళ్ల మీద మూసీ దాకా పోయి రావాలనుకున్నారు. తీరా బయలుదేరే పొద్దున పడమట నల్లగా మబ్బు పట్టింది.

“గాలివాన వచ్చేటట్టుంది. రేపు పోదాం తియ్‌రా,” అన్నాడు సాయిలు.

“రజాకార్లకు భయపడి రెండేండ్లు ఇంట్లనే కూసున్నం. గీ వానకు గూడ భయపడాల్నా?” అంటూ భిక్షం సైకిలెక్కాడు.

వెనక ఒక్కొక్కటిగా గంటలు మోగాయి. ఊరు దాటగానే చినుకులు పడ్డాయి. సాయిలు కేకలు పెడుతూ అందరినీ దాటిపోయాడు. భిక్షం మాత్రం తడుస్తూ నెమ్మదిగా తొక్కాడు. ఆ దారి తొందరగా అయిపోవడం అతనికి ఇష్టం లేదు.