హాజరు పలికిన కాశయ్య

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భయమేసి రాత్రంతా లైటు వేసుకుని పడుకున్నామని ఎవరన్నా చెబితే, ఆ కరెంటు బిల్లు దయ్యం కడుతుందా అని అడిగేదాన్ని. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కల్పించి రాయడం నాకు చేతకాదు. మార్కాపురంలో మా ఇంట్లో, బాగా తెల్లవారాక, నా చెవులతో విన్నదే రాస్తున్నాను.

మా అబ్బాయి రమణ ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే ఒక కంపెనీలో సూపర్‌వైజర్. కేబుల్ లాగేవాళ్లు, తెగితే అతికేవాళ్లు పదిమంది దాకా వాడి కింద ఉన్నారు. ఒకరు గిద్దలూరులో, ఒకరు కనిగిరి దారిలో, తలా ఒక చోట. అందుకే పొద్దున ఫోనులోనే హాజరు. అందరినీ ఒకే కాల్‌లో కలిపి, స్పీకరు పెట్టి, వాడు పేర్లు పిలుస్తాడు. పొయ్యి దగ్గర ఉన్న నాకు అన్నీ వినిపిస్తాయి.

వాళ్లలో కాశయ్య ఒక్కడే యాభై దాటినవాడు. త్రిపురాంతకం పక్కన పల్లె. నన్ను అక్కా అనేవాడు, రమణను అల్లుడా అనేవాడు. పేరు రాగానే "ఉండానల్లుడా" అని గట్టిగా పలికేవాడు. ఫోను పగులుతుందని నేను విసుక్కునేదాన్ని.

కుర్రాళ్లు ఊరుకుంటారా? "ఏం మామా, మంచంలో నుంచేనా?" అనేవాళ్లు.

"మీరు పండ్లు తోముకునే లోపల నేను రెండు కేబుళ్లు అతికినా, పోండి" అనేవాడు.

పని అయ్యాక ఫోనులో నొక్కి కంపెనీకి తెలపాలి. కాశయ్యకు అది పట్టుబడలేదు. పక్కనున్న కుర్రాణ్ణి నొక్కమనేవాడు. వాడు తన ఫోనులో నొక్కేవాడు. పని కాశయ్యది, పేరు కుర్రాడిది. ఒకరిని తగ్గించమని పైనుంచి చెప్పినప్పుడు అందరికంటే అడుగున ఉన్నది కాశయ్యే. రమణ ఒకసారి చెప్పి చూశాడు. ఫోనులో కనపడని పని పనే కాదన్నారు. వాడు రెండోసారి అడగలేదు.

ఆ సంగతి తెలిసిన రోజు కాశయ్య మా ఇంటికి వచ్చాడు. కోప్పడలేదు. టీ తాగి, లేవబోతూ ఒక్క మాట అడిగాడు.

"జీతం వద్దులే అల్లుడా. పొద్దున నా పేరు గూడా పిలువు. ఇంట్లో ఆమెకు ఇంకా చెప్పలే."

ఆ కాల్ పైవాళ్లు కూడా వింటుంటారు, కుదరదన్నాడు రమణ. ఖాళీ వస్తే మొదట పిలిచేది నిన్నేనని మాట ఇచ్చాడు. ఆ పూటే హాజరు కాల్ గ్రూపులోంచి అతని నంబరు తీసేశాడు.

తర్వాత కాశయ్య పలకల ఫ్యాక్టరీకి కూలికి పోతున్నాడనీ, ఆ రాతి దుమ్ముకు దగ్గు పట్టుకుందనీ విన్నాం. మాట నిలబెట్టుకున్నాకే ముఖం చూపిస్తానని రమణ పోలేదు.

ఎండాకాలంలో రోడ్డు పనులు మొదలై కేబుళ్లు ఎక్కడపడితే అక్కడ తెగాయి. అనుభవమున్న మనిషిని ఒకరిని తీసుకోమని ఒక సాయంత్రం కంపెనీ చెప్పింది. రమణ అప్పుడే ఫోను చేయలేదు. పొద్దున అందరి ముందు పేరు పిలిస్తే మామ సంతోషిస్తాడని ఆగాడు. ఆ ఉత్సాహంలో నంబరు తిరిగి కలపడమే మరిచాడు. అది మాకు తర్వాత తెలిసింది.

మర్నాడు పేర్లు పిలుస్తూ "కాశయ్య మామా" అన్నాడు.

"ఉండానల్లుడా."

అదే గొంతు, అంతే గట్టిగా. "మామ వచ్చినాడురోయ్" అని ఒక కుర్రాడు నవ్వాడు. ఈరోజే వచ్చి పనిలో చేరమన్నాడు రమణ. దానికి జవాబు రాలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాం.

కాల్ అయ్యాక చూసుకుంటే అందులో కాశయ్య నంబరే లేదు. ఎవరన్నా గొంతు మార్చి పలికారేమోనని రమణ ఒక్కొక్కరినీ గట్టిగా అడిగాడు. అందరూ విన్నామన్నారు, తాము పలకలేదన్నారు. కాశయ్యకు ఫోను చేస్తే ఎత్తలేదు. నేనూ వాడూ బండి మీద వెళ్లాం.

ఇంటి ముందు జనం. తెల్లవారకముందే ప్రాణం పోయిందట. మేము పేరు పిలవడానికి చాలా ముందే.

రమణ గుమ్మంలోనే నిలబడిపోయాడు. కాశయ్య భార్య నాగమ్మకు నేనే చెప్పాను, పని తిరిగి వచ్చిందనీ, పొద్దున పిలిస్తే పలికాడనీ. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆయాసంగా పలికినాడా వదినా?"

"లేదమ్మా. ఎప్పట్లాగే పలికినాడు."

"రాత్రి నుంచి నోట మాట లేదు. నీళ్లు గావాలన్నా చెయ్యే చూపించినాడు" అంది. ముందురోజు సాయంత్రం దాకా మాత్రం బాగానే మాట్లాడాడట.

ఇంతకు మించి నాకు తెలియదు. ఎవరో ఆట పట్టించారంటే ఇప్పటికైనా నమ్ముతాను, కానీ ఒప్పుకున్నవాడు లేడు. ఆ పలుకు ఎట్లా వచ్చిందని రమణ ఏనాడూ అడగడు. ఆ సాయంత్రమే ఎందుకు ఫోను చేయలేదమ్మా నేను, అంటాడు.