పెట్టె అడుగు

నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మూలమట్టం మేస్త్రి, చుట్టాలింటికి వెళ్లినా కుర్చీ కదిపి చూడందే కూర్చోడు. జేబులో ఎప్పుడూ మూలలు సరిచూసే మూలమట్టం ఉంటుంది. ఆ పేరు అలా వచ్చిందే.

అన్నగారు పోయినప్పుడు మోసుకెళ్తుంటే శవపెట్టె అడుగు కిర్రుమంది. మేస్త్రి శ్మశానం దాకా ఒక అరచెయ్యి కిందపెట్టే నడిచాడు. ఆ రోజు నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు. తన వంతుకి ఆ చెయ్యి ఎవడు పెడతాడు?

తన పెట్టె తానే చేసుకుందామంటే భార్య మండిపడింది. "నేను కూరలు తరుక్కునే చోట నీ పెట్టె నిలబెడతావా? అది గడప దాటి వస్తే నేను దాటి పోతా!"

దాంతో బావమరిదిని వెంటబెట్టుకుని, అంత్యక్రియలు ముందుగానే బుక్ చేసే కంపెనీకి వెళ్లాడు. చల్లటి గది, మెత్తటి సోఫా. టై కట్టుకున్న కుర్రాడు వెండి, బంగారం, వజ్రం అని మూడు ప్యాకేజీలు వినిపించాడు.

"మీరు కంగారు పడకండి సార్. ఆ రోజు మీరు వేలు కూడా కదపక్కర్లేదు."

మేస్త్రి బంగారం ప్యాకేజీకి మొత్తం కట్టేసి సంతకం పెట్టాడు. సరుకు చూడకుండా డబ్బు కట్టడం జీవితంలో అదే మొదలు. ఏసీ గాలి మహిమ.

తర్వాత పెట్టె చూపించమన్నాడు. పైన నిగనిగలాడే పాలిష్, లోపల పట్టుగుడ్డ. మేస్త్రి దాన్ని బోర్లించాడు.

"అడుగు ఎవరూ చూడరు సార్," అన్నాడు కుర్రాడు.

"పడుకున్నవాడు చూడడు బాబూ. మోసేవాడు చూస్తాడు."

బొటనవేలితో నొక్కితే పల్చటి ప్లైవుడ్ లోపలికి పోయింది. పట్టి ఉంచినవి నాలుగు పిన్నులు, కాస్త జిగురు.

"నా డబ్బు నాకిచ్చెయ్."

"కుదరదు సార్. ప్యాకేజీ మరణానంతరమే వాడాలి."

"అంటే చచ్చాక వచ్చి అడగాలా?"

"మీరే రానక్కర్లేదు సార్, మీవాళ్లు వస్తే చాలు. అయినా పెట్టెకి లైఫ్‌టైమ్ వారంటీ ఉంది."

"ఎవరి లైఫ్?" అని బావమరిది అడిగాడు. కుర్రాడు కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు.

మర్నాడు మేస్త్రి పనిసంచితో దిగాడు. షోరూమ్ మధ్యలో పెట్టెలు ఒక్కొక్కటే బోర్లిస్తుంటే, ప్యాకేజీ కొనడానికొచ్చిన దంపతులు మెల్లగా లేచి వెళ్లిపోయారు. మేనేజరు పరుగెత్తుకొచ్చి, ఆయన్ని వెనక గదిలోకి తీసుకెళ్లి, మీది మీరే బాగుచేసుకోండని ఒక పెట్టె అప్పగించాడు. మేస్త్రి రెండ్రోజులు కూర్చుని, గట్టి చెక్కతో కొత్త అడుగు వేశాడు. కింద మూడు అడ్డపట్టీలు, ప్రతి అతుకులోనూ ఒక చెక్క కుసి రెండోదాని బెజ్జంలో బిగిసింది. ఒక్క మేకు లేదు.

"పడుకో బావా," అన్నాడు బావమరిదితో.

"నన్నెందుకు బావా ముందే పంపిస్తావు?"

"తొంభై కిలోలవాణ్ణి ఇంకెక్కణ్ణుంచి తేవాలి? పడుకో."

షోరూమ్ పనివాళ్లు నలుగురు మోసి గదంతా తిప్పారు. చప్పుడు లేదు. మేస్త్రి ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయాడు.

నెల తర్వాత పనిసంచి భుజాన వేసుకుని, బావమరిదితో చూసిపోదామని వెళ్తే పెట్టె లేదు.

"అర్జంటుగా ఒకాయన పోయారండీ," మేనేజరు నసిగాడు. "చేతికి దొరికింది ఇచ్చేశాం. అన్నీ ఒకటే కదా, మీకు ఇంకోటి ఉంచుతాం."

"అన్నీ ఒకటేనట!" బావమరిది చొక్కా చేతులు మడిచాడు. "వీణ్ణి ఇక్కడే పడుకోబెడదామా బావా?"

మేస్త్రి అతన్ని ఆపాడు. "పోయినాయన ఏపాటి మనిషి?"

"భారీ మనిషండీ. ఆరుగురు మోశారు."

"కిర్రుమందా?"

"లేదండీ. మోసినవాళ్లు ఏమీ అనలేదు."

మేస్త్రి మరోసారి చెప్పించుకున్నాడు. మోసినవాళ్లు ఏమీ అనలేదు. నలభై ఏళ్లలో ఇంత మంచి మాట ఏ ఇంటి యజమానీ ఆయనతో అనలేదు.

పనిసంచి దించి, వరసలో ఉన్న తర్వాతి పెట్టెను బోర్లించాడు.

"ఇది నీదేనా బావా?" అన్నాడు బావమరిది.

"ఎవరిదైతేనేం. ఆ కొస పట్టుకో."