సాక్ష్యం మాస్టారి రబ్బర్ల డబ్బా

మూడో తరగతి మాస్టారు సాక్ష్యం లేనిదే తన పేరు కూడా ఒప్పుకునేవారు కాదు. "మీరేనాండీ మూడో తరగతి మాస్టారు?" అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "ఎవరు చెప్పారు మీకు?" అని ఎదురు అడిగేవారు. బయట వాన పడుతోందంటే కిటికీలోంచి ఒక చెయ్యి చాపి చూసి, ఆనక రెండోది కూడా చాపేవారు. మొదటి చెయ్యి అబద్ధమాడదని నమ్మకమేమిటి? హాజరు పిలిచేటప్పుడు "ఉన్నాను సార్" అంటే చాలదు. తలెత్తి, మనిషిని కింది నుంచి పైదాకా చూసి, అప్పుడు టిక్కు పెట్టేవారు. బడి బడంతా ఆయన్ని సాక్ష్యం మాస్టారనే పిలిచేది.

ఆయన పక్కగదిలో రెండో తరగతి చెప్పే టీచరుకు ఉద్యోగంలో చేరి రెండేళ్ళే అయింది. అందుకని ఆవిడ అందరికీ చిన్నటీచరు. రెండు గదులకీ మధ్య ఉన్నది పలచటి చెక్కగోడ. "ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు? ఎవరు చూశారు?" అన్న మూడు ప్రశ్నలు ఆ గోడలోంచి రోజుకు పాతికసార్లు వినబడేవి. వినీ వినీ, ఇవతల రెండో తరగతి పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు వాటిని వల్లించడం మొదలుపెట్టారు.

ఒకసారి ఒక పిల్లాడు అట్టతో ఇల్లు కట్టి తెచ్చాడు. మెట్లున్నాయి, కిటికీలకు కర్టెన్లున్నాయి, డాబా మీద నీళ్ళ ట్యాంకు కూడా ఉంది. మాస్టారు దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు, వాసన చూశారు, చివరికి జిగురులోంచి ఒక వెంట్రుక పైకి లాగారు. తెల్లది.

"ఏరా, ఎనిమిదేళ్ళకే జుట్టు నెరిసిందా నీకు?"

"తాతయ్యది సార్."

"తాతయ్యది ఏ క్లాసు?"

"రిటైరయ్యాడు సార్."

"అయితే ఇది ఆయన టీచరుకు చూపించుకోమను. నువ్వు కట్టింది నాకు పట్రా."

మర్నాడు వాడు తెచ్చిన ఇంటికి గుమ్మం లేదు, పైకప్పు ఓ పక్కకి ఒరిగిపోయింది. మాస్టారు పదికి తొమ్మిది వేశారు.

"ఒకటెందుకు తగ్గింది సార్?"

"గుమ్మం లేదుగా. లోపలి గోడకి రంగెలా వేశావో అనుమానంగా ఉంది."

ఆ ఏడే బడికి టాబ్లెట్లు వచ్చాయి. ఇకనుంచి ప్రతి పిల్లకీ ఒక డిజిటల్ పోర్ట్‌ఫోలియో అన్నారు. రాసిన పేజీని ఫోటో తియ్యాలి, చదివితే గొంతు రికార్డు చెయ్యాలి, అన్నీ వరసగా అందులో పెట్టాలి. ఇంట్లోవాళ్ళు ఫోనులో చూసి మురిసిపోతారు. ఏడాది చివర ప్రధానోపాధ్యాయురాలు, అంటే పెద్దమేడం, వాటిని చూసే పిల్లల్ని పై తరగతికి పంపుతుంది. ఆ రోజు పక్క తరగతి టీచరు కూడా ఆవిడ పక్కన కూర్చుని చూసి సరేననాలి. మూడో తరగతివి చూసే పని చిన్నటీచరు నెత్తిన పడింది.

మాస్టారు టాబ్లెట్‌ను తిరగేసి బోర్లేసి చూశారు. "నిద్రపోతున్నప్పుడు కూడా దీని కన్ను తెరుచుకునే ఉంటోంది. ఇలాంటి శాల్తీని నేను నమ్మను" అని, గాయాలకు వేసే ప్లాస్టరొకటి తెచ్చి కెమెరా కంటికి అంటించారు. ఫోటో తీసేటప్పుడు పీకడం, తీశాక కొత్తది అంటించడం. నెల తిరిగేసరికి మందులపెట్టెలో ప్లాస్టర్లు నిండుకున్నాయి. మోకాళ్ళు చెక్కుకున్న పిల్లలు ఆ టాబ్లెట్ వంక కొరకొరా చూసేవాళ్ళు.

ఇక ఆ ఫోటోలు! పేజీ కింద ఆ రోజు వార్తాపత్రిక పరిచి, పేజీ మీద పిల్ల ఎడంచెయ్యి పెట్టించి మరీ తీసేవారు.

"పిల్లల్ని ఎత్తుకుపోయినవాళ్ళు పంపే ఫోటోల్లా ఉన్నాయి మాస్టారూ" అంది చిన్నటీచరు. "తేదీ మిషనే వేస్తుంది కదా!"

"మిషను ఎవరి మనిషి?" అన్నారాయన గొంతు తగ్గించి.

అన్నిటికన్నా పెద్ద గొడవ రబ్బర్లది. బడి తెరిచిన రెండో వారం, ఓ పొద్దున్నే మాస్టారు బిస్కట్ల డబ్బా పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగి ముప్పై రెండు రబ్బర్లూ వసూలు చేశారు. "రబ్బరు దొంగల పనిముట్టు! సాక్ష్యం చెరిపేస్తుంది. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన మళ్ళీ రాయండి. ఎవరి మీదా నమ్మకం లేదు నాకు!" అని డబ్బా తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం పడిందో లేదోనని మూడుసార్లు లాగి చూశారు. "మా పిల్లలేమైనా దొంగలా?" అని ఒక తండ్రి పోట్లాటకొచ్చాడు. "మీరు వీడి నాన్నేనని ఏమిటి నమ్మకం?" అని మాస్టారు అడిగేసరికి ఆయన వచ్చిన పని మరిచిపోయి, జేబులో గుర్తింపు కార్డు వెతుక్కున్నాడు.

దాంతో మిగతా తరగతుల పోర్ట్‌ఫోలియోలు ముత్యాల్లాంటి అక్షరాలతో మెరిసిపోతుంటే, మూడో తరగతివాటిలో కొట్టివేతలూ కోడిగీతలూ తప్ప మరోటి లేకుండా పోయింది. చిన్నటీచరుకూ అనుమానం పుట్టింది. ఈయన పాఠం చెబుతున్నారా, లేక సాక్ష్యం పేరు చెప్పుకుని కాలక్షేపం చేస్తున్నారా?

ఆవిడ గుబులంతా ఒక పిల్ల గురించి. దాన్ని అందరూ పిచ్చుక అనేవారు. మనిషి ఇంతే, గొంతు అంతకూడా లేదు. నిరుడు ఆవిడ దగ్గరే చదివింది. ఏడాది పొడుగునా నోరు విప్పలేదు, నోటుబుక్కులో ఒక్క వాక్యం మిగల్చలేదు. "చదవడం, రాయడం రాదు" అని రిపోర్టు రాసింది చిన్నటీచరే. నిరుడైతే ఎవర్నీ ఆపకుండా పైకి పంపేశారు. ఈసారీ రాదనే తేలితే పిచ్చుక మూడులోనే ఆగిపోతుంది, తోటి పిల్లలంతా పైకి వెళ్ళిపోతారు. బట్టలు కుట్టే వాళ్ళమ్మ, మెడలో కొలతల టేపు తియ్యకుండానే వచ్చి, గేటు దగ్గర రోజూ అడిగేది.

"ఈ ఏడైనా గట్టెక్కుతుందా టీచరమ్మా?"

చిన్నటీచరు చెప్పు సరిచేసుకున్నట్టు వంగి, చూపు తప్పించుకునేది.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. ఆఫీసు గదిలో పెద్దమేడం పిచ్చుక పోర్ట్‌ఫోలియో తెరిచింది.

"ఒక్క శుభ్రమైన పేజీ లేదు మాస్టారూ. ఇది చూసి నేను నాలుగుకి ఎలా పంపను?"

"గొంతు కూడా వినండి మేడం."

పెద్దమేడం నొక్కింది. సన్నటి గొంతొకటి చీమ కథను మొదటి నుంచి చివరిదాకా చదివింది. మధ్యలో రెండు చోట్ల తడబడి, వెనక్కి వెళ్ళి సరిచేసుకుంది కూడా. చిన్నటీచరు నోరు తెరిచింది. పెద్దమేడం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఇది ఆ పిల్లేనా? ఎవరు చదివారు? ఎప్పుడు చదివారు? ఎవరు విన్నారు?"

మాస్టారి మొహం చాటంతయింది. "ఇన్నేళ్ళకి ఈ బడిలో అడగాల్సిన ప్రశ్నలు అడిగారు మేడం!"

"అయితే పిల్లను పిలవండి. నా ఎదురుగా చదవమందాం."

ఆ మాటకు మాస్టారి నవ్వు మాయమైంది. "పిలవకండి. మీరు నమ్మలేదని తెలిస్తే మళ్ళీ నోరు మూసుకుంటుంది. మొదటి ఫోటో నుంచి చూడండి, చాలు."

మొదటి ఫోటోలో అక్షరమే లేదు. చెరిపి చెరిపి కాగితానికి బొక్క పడింది. ఆ బొక్కలోంచి కింద పరిచిన పత్రికలో "అక్కడక్కడా జల్లులు" అన్న వార్త కనబడుతోంది. పక్కన పిడికిలి బిగించిన చిన్న ఎడంచెయ్యి, బొటనవేలి మీద పుట్టుమచ్చ. చిన్నటీచరు ఆ బొక్క మీద వేలు పెట్టింది. "తప్పుంటే చెరుపు, శుభ్రంగా రాయి" అని నిరుడు ఆ పిల్లకు పదేపదే చెప్పింది తనే. అది తప్పేదో ఒప్పేదో తెలియక, అన్నీ చెరిపేసింది.

తర్వాతి ఫోటోలో కొట్టేసిన మాటలు ఏడు, ఉంచినది ఒకటి. ఇంకో వారానికి మూడు మిగిలాయి. పోనుపోను కొట్టివేతలు తగ్గాయి, వాక్యాలు పెరిగాయి. ప్రతిదాని కిందా ఆ రోజు పత్రిక, ప్రతిదాని మీదా అదే పుట్టుమచ్చ. ఫోటోలు జరిపే కొద్దీ ఆ పిడికిలి ఒక్కో వేలే విచ్చుకుంది. చివరి ఫోటోలో అరచెయ్యంతా చాపి ఉంది.

చిన్నటీచరు గబగబా వెనక్కి జరిపి మొదటి పత్రిక తేదీ చూసింది. రబ్బర్ల దాడికి సరిగ్గా ముందురోజు.

"మాస్టారూ! ఈ ఒక్క పిల్ల కోసమా ముప్పై రెండు రబ్బర్లూ లాక్కున్నారు?"

"ఎవరు చెప్పారు మీకు?"

"దీని ఒక్కదానిదీ తీసుకుంటే సరిపోయేది కదా!"

మాస్టారు టాబ్లెట్ మీది ప్లాస్టరు అంచు గోటితో గీకారు. "దాని ఒక్కదానిదే తీసుకుంటే అందరూ దాని వంక చూస్తారు. అందరివీ తీసుకుంటే అందరూ నా వంక చూస్తారు. నాకైతే అలవాటే."

"మరి నా రిపోర్టు?" అంది చిన్నటీచరు మెల్లగా.

"చదివానమ్మా. రాదు అని రాశారు. సాక్ష్యం కావాలిగా? ఏడాదంతా వెతికాను. దొరకలేదు."

పెద్దమేడం "పై తరగతికి" అన్నచోట నొక్కింది. చిన్నటీచరు కూడా నొక్కింది.

"నొక్కారా? ఏదీ, చూపించండి" అన్నారు మాస్టారు.

బడి ఆఖరిరోజున మాస్టారు బీరువా తాళం తీసి డబ్బా బయటపెట్టారు. చిన్నటీచరు గుమ్మంలో నిలబడి చూస్తోంది. పిల్లలు తమ రబ్బర్లు లాక్కుని కేరింతలు కొడుతూ పరుగెత్తారు. చివరికి పిచ్చుక మిగిలింది. మాస్టారు దాని చేతిలో అరిగి చింతగింజంతయిన రబ్బరు ముక్క పెట్టారు.

పిచ్చుక దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుంది. వాసన చూసింది. తిప్పి వెనకవైపు కూడా చూసింది. తర్వాత, గది అవతలికి వినబడేంత గొంతుతో అడిగింది.

"ఇది నాదేనని సాక్ష్యం ఏదండీ మాస్టారూ?"