లెప్రికాన్‌కి బోను

కరోనా వచ్చాక రెండో వసంతం. జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో మా పాప ఒకటో తరగతి చదువుతోంది, అదీ మా వంటింటి బల్ల మీద. మేం ముచ్చటపడి చేర్చిన ఇంగ్లిష్ బడివాళ్ళు మార్చిలో ఐర్లండ్ పండగ పాఠాలంటూ ఒక కట్ట పంపారు. మూడాకుల గడ్డిని లెక్కపెట్టు, ఇంద్రధనుస్సుకి రంగులెయ్యి, బంగారు నాణేల కుండని కత్తిరించి అతికించు. ఆ బడిలో ఐర్లండ్ వాళ్ళు ఒక్కరూ లేరు. టీచరమ్మ ఇక్కడి జర్మన్ మనిషి, పిల్లల్లో సగం మనవాళ్ళే. ఉగాదికి ఒక మామిడాకు బొమ్మైనా పంపిన పాపాన పోలేదు గానీ, ఎవరి పండగకో మా పిల్లలు ఆకుపచ్చ బట్టలేసుకోవాలట. మా ప్రింటర్‌లో ఉన్న రంగంతా ఆ గడ్డికే సరిపోయింది.

చివర్లో అసలు పని: లెప్రికాన్‌ని పట్టే బోను. లెప్రికాన్ అంటే ఆకుపచ్చ కోటు తొడుక్కున్న జానెడు మనిషి. వాణ్ణి పట్టుకుంటే వాడు దాచుకున్న బంగారం మనదవుతుందట. పిల్లలు ఎవరి బోను వాళ్ళు చేసి, పండగ రోజు కంప్యూటర్ తెర మీద చూపించి మాట్లాడాలి.

మాట్లాడాలి అన్నదే మాకు చిక్కు. బడి మూసినప్పటి నుంచి మా పాప తెర ముందు నోరు విప్పడం లేదు. ఇంట్లో వసపిట్టే, మైక్ ఆన్ చెయ్యమంటే మాత్రం తల దించుకుంటుంది. ఇలాగే ఉంటే ఒకటో తరగతి మళ్ళీ చదివించాల్సి వస్తుందని టీచరమ్మ అప్పటికే నాతో అంది.

ఇక మన నాన్నల సంగతి. పిల్లల ప్రాజెక్టులు పెద్దవాళ్ళు చేయడం మనకి ఆచారం. ఎల్‌కేజీ పిల్లల పేరు మీద థర్మోకోల్ చార్మినార్లు కట్టి ప్రైజులు కొట్టుకొచ్చిన జాతి మనది. ఇళ్ళల్లో కూర్చుని కూర్చుని విసిగిపోయిన ఇంజనీర్లందరికీ చేతులు దురద పెట్టాయి. ఆ తరగతి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో బోన్ల ఫొటోలు మొదలయ్యాయి. ఒకాయన లిఫ్ట్ పెట్టాడు. ఇంకొకాయన లేజర్ లైటు పెట్టాడు.

మా ఆయన కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఆయన ఊరుకుంటాడా?

"సెన్సార్ పెడుతున్న. వాడు కాలు పెట్టుడే ఆలస్యం, తలుపు పడ్తది" అన్నాడు.

"లేని మనిషికి సెన్సార్ ఎందుకండీ? దాన్నే చేసుకోనివ్వండి."

"నువ్వు ఊకో. మన బిడ్డ ఎవ్వలకన్న తక్కువనా?"

బిడ్డ చెప్పుల డబ్బా ఒకటి తీసుకుని బల్ల కింద దూరింది. ఆయన వంగి చూడను కూడా చూడలేదు.

పండగ రోజు ఆకుపచ్చ బట్టల్లో పిల్లలు వరసగా తెర మీదికొచ్చారు. తండ్రులు పక్కనుంచి గుసగుసగా అందిస్తుంటే పిల్లలు మోటారు గురించి, బ్యాటరీ గురించి అప్పజెప్పారు. సిగ్గూ శరమూ లేదు ఒక్కరికీ. మా వంతు రాగానే, కాలు పెట్టే లెప్రికాన్ లేడు కాబట్టి, మా ఆయనే మీట నొక్కాడు. తలుపు టక్కున పడింది.

"అబ్బ, ఎలా చేశావు?" అని అడిగింది టీచరమ్మ.

పాప తల దించుకుంది. "సెన్సార్ అని చెప్పు బిడ్డా" అని మా ఆయన గొణిగాడు.

పాప బల్ల కిందికి వంగి చెప్పుల డబ్బా తీసింది. తనే మైక్ ఆన్ చేసి, టీచరమ్మ భాష జర్మన్‌లో అంది: "అది నాన్నది. ఇది నాది."

డబ్బాలో దూది పరుపు, దాని మీద బంగారు కాగితం చుట్టిన చాక్లెట్. ఒక వైపు గోడ మొత్తం కత్తిరించేసి, కిందికి దిగడానికి ఐస్‌క్రీమ్ పుల్లల నిచ్చెన పెట్టింది.

"తలుపు లేదేం? వెళ్ళిపోతాడు కదా?" అంది టీచరమ్మ.

"వెళ్ళనీ. లోపల ఉండడానికి మేం ఉన్నాం కదా."

నాకు ఏడుపు ఆగలేదు, అటు తిరిగి స్టవ్ తుడిచాను. మా ఆయన చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

సాయంత్రం గ్రూపులో ఆయన పొద్దున పెట్టిన తలుపు వీడియోకి చప్పట్లే చప్పట్లు. సెన్సార్ ఎక్కడ కొన్నారని అడిగారు, తలుపు అంత వేగంగా ఎలా పడుతోందని అడిగారు. తరగతిలో పాప మాట్లాడింది ఆ ఇళ్ళన్నిటిలోనూ వినే ఉంటారు. ఆ మాట ఒక్కడూ ఎత్తలేదు.