బిందెడు నీళ్లు

నిన్న మా మేనమామ భూపాలపల్లిలోని మా ఇంటికి వచ్చాడు. నా భార్య గుమ్మం దగ్గర చెంబుతో నీళ్లు పెట్టింది. అది చూడగానే ఆయనకు తన పాత పరాచికం గుర్తొచ్చింది.

"మీ తాతకైతే నేను బిందె పెట్టిన బిడ్డా!" అని నా కొడుకుతో చెప్పి పగలబడి నవ్వాడు.

నాయిన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నా చిన్నప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో మామ ఇంట్లో పెళ్లికి వెళ్లాం. వచ్చినవాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి చెంబులు ఇస్తున్నారు. నాయినను చూసి మామ కేకేశాడు.

"బొగ్గుబాయి బావ వచ్చిండు! చెంబేం సరిపోతది? బిందె తేండ్రి!"

పందిరంతా నవ్వింది. నాయిన కూడా నవ్వాడు. చెంబు కంటే బిందె పెద్దది. నాకు తెలిసిన లెక్క అంతే. ఇంటి అల్లుడని అందరికంటే ఎక్కువ మర్యాద చేశారనుకుని పొంగిపోయాను.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లినప్పుడు, బస్సు దిగగానే నాయిన బస్టాండు నల్లా దగ్గర కూర్చుని బొగ్గు నలుపు పట్టిన మడమలను ఎర్రబడేదాకా రాయితో రుద్దుకున్నాడు.

"గీడెందుకు నాయినా? మామ మనకు బిందెడు నీళ్లిస్తడు గద?" అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. నల్లా కట్టేసి, నా వైపు చూడకుండా నడిచాడు.

పరాచికానికి బావ కోపం తెచ్చుకోకూడదన్నది మా వైపు వాడుక. ఆ వాడుక కోసం నాయిన నవ్విన నవ్వును మామ ఇప్పటికీ తన లెక్కలోనే కలుపుకుంటున్నాడు.

నిన్న నేను నవ్వకపోవడం చూసి, "తమాషాకు అన్న బిడ్డా. మీ నాయిన గూడ నవ్విండు," అంటూ, కాళ్లు కడుక్కుని, తువాల కోసం నా వైపు చెయ్యి చాపాడు.

తువాల నా భుజం మీదే ఉంది. నేను ఇవ్వలేదు.